కడుపు మాట, గుండె మాట

నా చిన్నప్పుడు, మా అవ్వ గుండె పెద్దదైందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, అదేదో మంచి మాటే అనుకున్నాను. మా అవ్వది గట్టి గుండె అని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. అలాంటి మనిషికి గుండె పెద్దదిగా ఉండడంలో వింతేముంది అనిపించింది. పక్కన నిలబడ్డ మా నాన్న ముఖం చూశాకే అది జబ్బని అర్థమైంది.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టి బతికే పల్లె. అవ్వ మా నాన్నకు తల్లి. ఆ ఏడు ఆమెకు కాళ్ళు నీరుపట్టి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ఊరి వైద్యం పనిచేయకపోయేసరికి దొరవారిసత్రంలో రైలెక్కించి నెల్లూరులోని మిషను ఆసుపత్రికి తీసుకుపోయారు. నాన్న వేటకు పోకపోతే పొయ్యి వెలగదు. అమ్మ చంకలో పసిబిడ్డ. అందుకని అవ్వకు తోడుగా నన్ను ఉంచారు. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. ఎండుచేప ముక్క లేనిదే ముద్ద దిగని మనిషికి అక్కడ ఉప్పులేని గంజి పోసేవాళ్ళు. ఆమె దాన్ని కషాయం మింగినట్టు కళ్ళు మూసుకొని తాగేది.

మధ్యాహ్నాలు ఒక పెద్దావిడ వార్డులోకి వచ్చేది. తెల్లచీర, చేతిలో గొడుగు, చంకలో నల్ల అట్ట బైబిలు. బుచ్చిరెడ్డిపాలెం వైపు మనిషి, భర్త పోయాక ఈ పనిలో చేరిందట. వింటామన్న వాళ్ళ మంచం పక్కన కూర్చొని చదివి వినిపించేది. అందరూ బైబిలమ్మ అని పిలిచేవాళ్ళు. అవ్వ మొదటిరోజే తేల్చి చెప్పేసింది, "నేను మీ మతంలో కలిసేదాన్ని కాదమ్మా. మా అమ్మోరు మాకుండాది" అని. ఆమె నవ్వి, కలవమని ఎవరడిగారు, పొద్దు పోవడానికి వినండి అంది. అవ్వకు కథలంటే ప్రాణం. సరే, చదవమంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అవ్వకు ఒక తమ్ముడు ఉండేవాడు. నేను పుట్టకముందు ఆయనా, మా తాతయ్యా ఒకే పడవలో వేటకు పోయేవాళ్ళు. ఒకనాడు సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలివాన పట్టుకొని పడవ బోల్తా పడింది. తమ్ముడు ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. తాతయ్య చేరలేదు. ఊరంతా చూస్తుండగా అవ్వ తమ్ముణ్ణి ఒకే మాట అడిగిందట, "నువ్వెట్టా వచ్చినావురా?" అని. ఆయన తల దించుకొని ఇంటికి పోయాడు. కొన్నాళ్ళకు పెళ్ళాం బిడ్డలను తీసుకొని సరస్సు మధ్య ఉన్న దీవి పల్లెకు వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఒడ్డున కాలు పెట్టలేదు.

నాకు తెలిసినప్పటినుంచీ అవ్వ ఆ తమ్ముడి పేరు వింటే ఏడ్చేది. పండగపూట అన్నం ముందు కూర్చొని ఏడ్చేది. వాడి తప్పేముంది, గాలి చేసిన పనికి వాణ్ణి అన్నాను అనేది. అయితే ఆ మాట అతనికి చెప్పి పంపుదామని ఎవరైనా అంటే మాత్రం లేచి పెరట్లోకి పోయేది. చూసినవాళ్ళు, తమ్ముడంటే ఎంత ప్రేమో అనుకునేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను.

ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం బైబిలమ్మ ఐగుప్తు, అంటే ఈజిప్టు దేశపు రాజు కథ చెప్పింది. వెట్టిచాకిరీ చేసే జనాన్ని విడిచిపెట్టమని దేవుడు ఎన్నిసార్లు చెప్పించినా విడవని రాజు. ఊరిమీద తెగులు పడ్డప్పుడల్లా, తప్పయింది, వదిలేస్తానని వేడుకుంటాడు. తెగులు తొలగగానే గుండెను మళ్ళీ రాయి చేసుకుంటాడు. అవ్వకు ఆ మాట నచ్చలేదు. అంతగా వేడుకున్నవాడిది రాతిగుండె ఎట్లా అవుతుందని అడిగింది. కరగని గుండె అయితే ఆ వేడుకోలు ఎక్కణ్ణించి వచ్చింది?

బైబిలమ్మ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె చెప్పినదంతా నాకు గుర్తుందని అనను కానీ, సారం ఇది. ఆ గ్రంథం రాసిన కాలపు మనుషులకు గుండె అంటే ఏడ్చే చోటొక్కటే కాదట. ఆలోచన పుట్టేది గుండెలో. జ్ఞాపకం ఉండేది గుండెలో. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తేల్చుకునేది కూడా అక్కడే. మనం బుర్రకు అప్పగించిన పనంతా వాళ్ళు గుండెకు అప్పగించారు. బుద్ధిలేనివాణ్ణి గుండె లేనివాడు అనేవాళ్ళట. మరి జాలీ, తల్లడింపూ ఎక్కడ పుడతాయంటే, ఇంకా కింద, పేగుల్లో. "మనమూ అంటాం గదమ్మా, కడుపు తరుక్కుపోయిందని. ఆ రాజుకీ కడుపు తరుక్కుపోయింది. గుండె మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. నీ హృదయం నాకియ్యమని దేవుడు అడిగేది ఏడవమని కాదు. ఎటు నడుస్తావో తేల్చుకోమని."

అవ్వ మంచంమీద లేచి కూర్చుంది. తర్వాత, ఎవరూ అడగకుండానే, తమ్ముడి కథంతా ఆమెకు చెప్పింది. చెబుతూ ఏడ్చింది. "వాణ్ణి తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతాదమ్మా" అంది. బైబిలమ్మ ఓదారుస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె అవ్వ చేతిమీద చెయ్యి వేసి, మెల్లగానే అడిగింది.

"అది కడుపు మాట. గుండె ఏమంటాంది?"

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. బైబిలమ్మ ఇంకాసేపు కూర్చొని, గొడుగు తీసుకొని పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

కాళ్ళ నీరు తగ్గి, ఇంటికి పంపించే రోజున నాన్న వచ్చాడు. మూటలు కడుతుంటే అవ్వ, ముందు దీవికి పోవాలంది. నాన్న బిత్తరపోయాడు. అలుపు కూడదన్నారు, కబురు చేస్తే మామే వస్తాడు గదా అన్నాడు. "కబురు నువ్వు పంపితే అది నీ పని అవుతాది. నేను పోవాల" అంది అవ్వ. ఆమె గొంతులో ఏడుపు లేదు. అది నాకు కొత్తగా తోచింది.

రైలు దిగి రాత్రికి ఊరు చేరి, మరునాడు పొద్దున మా పడవలో బయలుదేరాం. అవ్వ పడవ నడుమ వలల కుప్పకు ఆనుకొని కూర్చుంది. లోతు లేని చోట్ల నాన్న గడకర్ర వేసి తోశాడు. దీవి ఒడ్డున కొందరు చేపలు ఎండబెడుతున్నారు. పడవ రావడం చూసి, ఎవరి పడవకైనా చేసే సాయమే గనక, ఒక ముసలాయన మోకాటి లోతు నీళ్ళలోకి దిగి దాని ముందుకొస పట్టుకున్నాడు. పట్టుకున్నాక తలెత్తి చూశాడు. ఆయనే అవ్వ తమ్ముడు.

అవ్వ పడవ దిగలేదు. కూర్చున్నచోటి నుంచే అంది, "నీ తప్పేం లేదని నాకు ఆ పొద్దే తెలుసురా. తెలిసీ చెప్పలా. అది చెప్పేదానికి వచ్చినా."

ఆయన ముఖంలో సంతోషం కనబడలేదు. "ఇన్నేళ్ళు పట్టిందా అక్కా?" అన్నాడు. పట్టుకున్న పడవను వదలకుండానే, "ఆ పొద్దు బావ ఏమన్నాడో ఒక్కనాడన్నా అడిగినావా?" అన్నాడు.

"ఇప్పుడు అడగతన్నా. చెప్పు."

"బావ కాలికి వల చుట్టుకోనింది. నేను పట్టుకోనుంటే, నన్నొదిలెయ్ అబ్బయా, పోయి మీ అక్కను చూసుకో అన్నాడు. చూసుకుందామనే ఈదినా. నువ్వు చూసుకోనియ్యలా."

నాన్న గడకర్ర పట్టుకొని అటు తిరిగి నిలబడ్డాడు. అవ్వ ఏడుస్తుందేమోనని నేను ఆమెనే చూస్తున్నాను. ఆమె ఏడవలేదు. అతని మాట మొత్తం విని తల ఊపింది. ఆయన మమ్మల్ని ఇంట్లోకి రమ్మనలేదు. ఆయన భార్య చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి తిరిగొచ్చేశాం. దారిలో నాన్న, ఇంత దూరం వస్తే కూర్చోమని కూడా అనలేదని గొణిగాడు. "రమ్మనేదీ వద్దనేదీ వాడు తేల్చుకోవాల. నా పని నేను చేసినా" అంది అవ్వ.

వానలు వెనకబట్టాక ఆయన వచ్చాడు. చెప్పకుండా వచ్చి, మా చూరు కింద కూర్చొని, వలకు పడ్డ చిరుగులు కుట్టసాగాడు. అవ్వ అన్నం పెట్టింది. గాలి గురించీ, ఆ ఏడాది పడ్డ రొయ్యల గురించీ మాట్లాడుకున్నారు. ఆ తర్వాత తరచుగా వచ్చేవాడు. అవ్వ ఇంకొన్నేళ్ళు బతికింది. చివరివరకూ మా అమ్మోరికి పొంగళ్ళు పెట్టింది. ఆమె పాడె మోసిన నలుగురిలో తమ్ముడు ఒకడు.

బైబిలమ్మ మాట తప్పో ఒప్పో తేల్చేటంత చదువు నాకు లేదు. తర్వాత ఎందరో పాస్టర్ల ప్రసంగాలు విన్నాను. హృదయమంటే ప్రేమ అన్నవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం ఆ వార్డులో విన్నదే నిలిచింది. ఈ వయసులో నాకు కన్నీళ్ళు తొందరగా వస్తాయి. ఎవరితోనో మాట పట్టింపు వస్తుంది, రెండు రోజులకు మనసు కరుగుతుంది, వాళ్ళను తలుచుకొని కళ్ళు తుడుచుకుంటాను. అప్పటికింకా నాలో ఏదీ మారలేదని నాకు తెలుసు. లేచి, చెప్పులేసుకొని, వాళ్ళ వీధి మలుపు తిరిగాకే నా గుండె మారిందని నమ్ముతాను.