కిటికీకి అడ్డంగా లేచిన గోడ

ఈ సాయంత్రం కచేరీలో పని ముగించుకుని వచ్చేసరికి బయట ఇంకా ఎండ ఉంది, మా గదిలో మాత్రం దీపం వెలుగుతోంది. కరీంనగర్‌లో మేము అద్దెకుంటున్న ఈ ఒంటి గదికి ఒకటే కిటికీ. అందులోంచి పక్క ఖాళీ స్థలం మీదుగా రోడ్డు కనిపించేది. ఇవాళ ఆ స్థలంవాళ్లు కిటికీకి ఆనించి గోడ లేపేశారు.

గది అద్దెకిచ్చిన ఇంటాయనను అడిగాను. "జాగ వాళ్లది. నేనేం జెయ్యాలె? నచ్చకుంటె ఖాళీ జెయ్యిండ్రి" అన్నాడు.

నా భార్య లక్ష్మి పొయ్యి దగ్గరే కూర్చుంది.

"పొద్దుగూకిందనుకొని అన్నం వండిన, సల్లారిపాయె. మీరొచ్చేది ఇగ నాకెట్ల కనవడ్తది?"

"వేరే అర్ర చూద్దాంలే."

"గీ మాట పోయిన ఇంట్ల గూడ అన్నరు" అంది, కోపం లేకుండా.

పగలే దీపం ముందు కూర్చుని తిన్నాం. ఈ ఉత్తరం అందాక, మీ ఇంటి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో రాయండి. లక్ష్మికి చదివి వినిపిస్తాను.