విద్య సంతకం పెట్టిన రిపోర్టు

లక్కడ్‌కోట్ రైతు కూతురు విద్య 1993లో మహారాష్ట్ర చంద్రపూర్‌లోని ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరింది. యజమాని రామనాథం బజారులో మందుల దుకాణం నడిపే తెలుగు కుటుంబం వాడు. ఆమెను ‘బిడ్డా’ అనేవాడు. ఆమె ఆయన్ను ‘కాకా’ అనేది. పుండులోని చీమును గాజు పళ్లెంలో పులిమి, మందు అద్దిన కాగితపు బిళ్లలు పెట్టి మర్నాడు చూడడం ఆయనే నేర్పాడు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు పెరగవు. లేదంటే బిళ్ల అంచుదాకా పాకుతాయి.

మూడేళ్లకు విసాపూర్ సమ్మన్న చీము పరీక్షకొచ్చింది. కలప డిపోలో దుంగ పడి అతని పాదం చితికింది. పళ్లెంలో క్రిములు కొత్తగా వచ్చిన ఖరీదైన మందు బిళ్లను ఆనుకునే పెరిగాయి. పాత ఇంజెక్షన్ మందు చుట్టూ మాత్రం వేలు వెడల్పు ఖాళీ. విద్య తన నోటుబుక్కులో ఎక్కించి, రామనాథానికి అట్లాగే రాసిచ్చింది.

పదిహేను రోజులకు సమ్మన్న భార్య రాజక్క వచ్చింది. రిపోర్టులో ఉన్న మందే వాడుతున్నా కాలు నల్లబడుతోందని చెప్పింది. ఆమె చేతిలోని కాగితంలో కొత్త మందు పనిచేస్తుందని టైపు చేసి ఉంది. కింద విద్య సంతకం. టైపు తరువాత చేయిస్తానని రామనాథం అంటే ఖాళీ ఫారాల మీద ఆమె నమ్మి పెట్టిన సంతకమే అది.

లోపలికెళ్లి అడిగితే, ఆ కొత్త మందు కంపెనీ వాళ్లే ల్యాబుకు కొత్త మిషను ఇచ్చారని రామనాథం గొణిగాడు.

“నా పేరెందుకు పెట్టిండ్రు కాకా?”

“నీ మీద ఎవలకూ అనుమానం రాదు బిడ్డా.”

విద్య తన నోటుబుక్కు తీసుకుని రాజక్కతో కలిసి సమ్మన్నను చూస్తున్న డాక్టరు దగ్గరికి వెళ్లి, రిపోర్టు అబద్ధమని చెప్పింది. ఆ రోజే మందు మార్చారు. సమ్మన్నకు రెండు వేళ్లు తీసేశారు, పాదం దక్కింది.

తప్పు రాసింది విద్యేనని రామనాథం ఊరంతా చెప్పాడు. ఏ ల్యాబూ ఆమెను తీసుకోలేదు. రెండేళ్లు లక్కడ్‌కోట్‌లో పత్తి ఏరింది. చివరికి రాజురాలో ఒక చిన్న ఆస్పత్రిలో పని దొరికింది.

ఒకరోజు రాజురా బస్సులో ఆశ కలిసింది. కాకా ల్యాబులో విద్య పక్కనే పనిచేసిన మనిషి, సమ్మన్న పళ్లెం కళ్లారా చూసిన మనిషి.

“అంత మంచిగ చేసేదానివి, గా రోజు ఎట్ల తప్పు రాసినవే?” అని జాలిగా అడిగింది.

విద్య దారి మధ్యలోనే బామ్నిలో దిగిపోయి, ఇంకో బస్సు కోసం నిలబడింది.