బాపు కన్ను, డాక్టరమ్మ మాట

మా బాపు నారాయణపేటలో చీరలు నేసేవాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు ఆయన కళ్లు మసకబారాయి. పడుగులో పోగు తెగితే కనిపించేది కాదు. వేళ్లతో తడుముకుని ముడివేసేవాడు. ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోయేవాడు. మా పెదనాయినకు ఎప్పుడో ఒక కంటికి ఆపరేషన్ చేస్తే ఉన్న కాస్త చూపూ పోయింది. రెండో కంటిని ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. చివరికి అదీ ఆరిపోతే, చనిపోయేదాకా చెయ్యి పట్టుకుని నడిపించింది మా బాపే.

ఒకరోజు వాకిట్లో పాకుతున్న నా కొడుకు చెయ్యి తొక్కాడు బాపు. పిల్లవాడికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు గానీ, ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు తనే, "పాలమూరు దవాఖానకు పోదాం పా బిడ్డా" అన్నాడు.

అక్కడి కళ్ల డాక్టరు నాకంటే చిన్నది. శుక్లం బాగా ముదిరిందనీ, ఆపరేషన్ తప్పదనీ చెప్పింది. బాపు కుర్చీలోంచి కదల్లేదు.

"డాక్టరమ్మా, మా అన్నకు గిట్లనే చేస్తే కన్ను పోయింది. నాకు పోదని మీరు చెప్తరా?"

తలుపు దాకా జనం నిలబడి ఉన్నారు. ఆమె విసుక్కుంటుందేమోనని భయపడ్డాను. ఆమె తన కుర్చీని బాపు దగ్గరికి జరుపుకుంది.

"మీ అన్నకు ఏమైందో చెప్పు బాపూ."

బాపు చెప్పాడు. అందులో నాకెన్నడూ చెప్పని సంగతులున్నాయి. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"పోనే పోదని ఒట్టేసి చెప్పలేను బాపూ. చానామందికి మంచిగనే అయితది. నీకు నేనే చేస్త. ఏమైనా సరే, దాచకుండ చెప్త. ఇంటికి పోయి ఆలోచన చేసుకో" అంది.

తిరుగు బస్సులో బాపు దేవరకద్ర దాటాక, "పోదని ఒట్టేస్తే నేను నమ్మకపోతుంటి బిడ్డా" అన్నాడు.

ఆపరేషన్ నాడు ముఖం మీద గుడ్డ కప్పగానే ఊపిరాడనట్టయి ఆయన చెయ్యి పైకెత్తాడట. ఆమె గుడ్డ తీసేసి, పక్కన నిలబడి, మగ్గం ముచ్చట్లు అడిగిందట. బాపు తనంతట తాను "ఇగ కానియ్యి" అన్నాకే మొదలుపెట్టిందట.

మర్నాడు కట్టు విప్పింది. "ఏం కనిపిస్తుంది బాపూ?"

"పొగ."

ఆమె బాపు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. ఆమె ముఖం వాడిపోయింది.

"దాచనని చెప్పిన గద. శుక్లం రాయి లెక్క గట్టిపడ్డది, తీస్తుంటే కష్టమైంది. కంట్లో వాపొచ్చింది. చుక్కలేస్తే తగ్గుతదనుకుంటున్న. గని ఎప్పటికి తగ్గుతదో ఇప్పుడే చెప్పలేను."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బాపు మాత్రం గాలిలో తడుముతూ చెయ్యి చాపి, ఆమె మణికట్టు అందుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నీ పని నువ్వు చేసినవు. వాపు దిగేదాక నేనాగుత. అన్నం తిన్నవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయనకు కనిపించదని గుర్తొచ్చి, మెల్లగా "లేదు" అంది.

"పో, తినిరా ముందు."

బాపును ఇంటికి పంపకుండా వార్డులోనే ఉంచుకుంది. రోజూ పొద్దున తన గదికి వెళ్లకముందే మా మంచం దగ్గరికి వచ్చేది. పొగ కొద్దికొద్దిగా పలచబడింది. ఒకనాడు ఆమె వచ్చి నిలబడగానే బాపు రెప్పలార్పి చూసి, "నువ్వు గింత చిన్నపిల్లవా!" అన్నాడు. ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

రెండో కంటికి చేయించే వేళకు ఆమె బదిలీ మీద వేరే ఊరు వెళ్లిపోయింది. బాపు ఒప్పుకోడేమోనని నేను దిగులుపడ్డాను. కొత్త డాక్టరుతో తన భయాలన్నీ తనే విడమరచి చెప్పుకుని, చేయించుకుని వచ్చాడు. ఆ కన్నూ బాగైంది.

ఇప్పుడు మా వాడలో ఎవరైనా కంటి ఆపరేషన్‌కు జంకితే బాపును తోడు తీసుకుపోతారు. ఆయన వాళ్లకు ధైర్యం చెప్పడు. బస్సులో పక్కన కూర్చుని, "నీ భయమేందో చెప్పు" అని అడిగి, పాలమూరు వచ్చేదాకా వింటూ కూర్చుంటాడు.