అక్క డిగ్రీల పలక, మా చలి కమిటీ

మదనపల్లెలో బరఫ్ పడుతుందని ముగ్గురు ఎదిగిన మగవాళ్లు నెలరోజులు ఎదురుచూశారంటే మా ఇంట్లో పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతారు. నవ్వనీ. ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేనని చెప్పినప్పుడు మాత్రం నవ్వు ఆపి నా ముఖంలోకి అనుమానంగా చూస్తారు. నాకూ అదే అనుమానం. ఇన్నేళ్ల తర్వాత కూడా గడ్డం గీసుకుంటూ అద్దంలో మనిషిని "ఆ పని చేసింది నిజంగా నువ్వేనా?" అని అడుగుతుంటాను. వాడు నురగ వెనక దాక్కుంటాడు.

ఎనభైల మొదట్లో సంగతి. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేను బడిని వదిలేశానో ఇద్దరికీ గుర్తు లేదు. మదనపల్లె బస్టాండు వెనక సైకిల్ షాపు పెట్టుకుని పంక్చర్లు వేసేవాణ్ణి. పక్క కొట్టు టైలరుది. షాపు ముందు బల్ల మీద పొద్దస్తమానం కూర్చునే పెద్దాయన మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. అందరం ఆయన్ను మామా అనేవాళ్లం. మిలిటరీలో ఆయన వంటవాడు. తుపాకీ కంటే గరిటె ఎక్కువ పట్టాడని ఏడిపించేవాణ్ణి. కానీ బరఫ్‌ను కళ్లారా చూసినవాడు మా బజారు మొత్తానికి ఆయనొక్కడే. తెల్లగా ఆకాశం నుంచి దూదిలాగా రాలే ఆ మంచును ఆయన హిందీలో బరఫ్ అనేవాడు, మాకూ అదే పేరు అంటుకుంది.

ఆ ఏడాది ధనుర్మాసంలో చలి మామూలుగా రాలేదు. ట్యూబుకు సొల్యూషన్ రాస్తే ఆరేసరికి మనిషి రెండు టీలు తాగి రావచ్చు. సాయంత్రం రేడియో వార్తల చివర, రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ డిగ్రీలు ఆరోగ్యవరంలో అని చెప్పేవారు. ఆరోగ్యవరం అంటే మా ఊరి పక్కనే. ఆ మాట వినగానే మా బల్ల మీద చప్పట్లు. అక్కడికి చలిని మేమే తయారుచేసి పంపినట్టు. తిరుపతి నుంచి సైకిల్ సామాన్లు తెచ్చే ఏజెంటు, "మా ఊర్లో ఇంకా ఫ్యాన్ తిరగతానే ఉండాదప్పా" అంటే, మేము ఆయన్ను జాలిగా చూసి టీ ఇప్పించేవాళ్లం.

"బరఫ్ అంటే ఏమనుకున్నారప్పా?" అని మామ మొదలుపెట్టేవాడు. "ముందు గాలి నిలిసిపోతాది. కాకి గూడా నోరు తెరవదు. ఆకాశం గోనెపట్ట మాదిరి అయిపోతాది. ఆపైన సప్పుడు లేకుండా దిగి కూసుంటాది."

"సప్పుడు లేకుండా వచ్చి కూసునేదానికి అదేమన్నా మీ అల్లుడా మామా?" అనేవాణ్ణి.

"నవ్వరా నవ్వు. పడిన దినం నీ సైకిళ్లు తవ్వి తీసుకోవాల."

టైలరుకు ఈ నవ్వులు నచ్చేవి కావు. వాడు మిగిలిన ఉన్ని పీలికలన్నీ కలిపి ఒక కోటు కుట్టుకున్నాడు. ఒక చెయ్యి నీలం, ఒక చెయ్యి గోధుమ రంగు. బరఫ్ పడితే తప్ప ఆ కోటు వేసుకుని బజార్లోకి రావడం కుదరదు, పరువు పోతుంది. నేను షాపు రేకుల మీద రోజూ స్టీలు పళ్లెంలో నీళ్లు పెట్టి, తెల్లారి ఎక్కి చూసేవాణ్ణి. దారిన పోయే పాలవాళ్లు కూడా "గడ్డ కట్టిందా అన్నా?" అని అడిగి పోయేవారు. చలి కమిటీ అని మాకు మేమే పేరు పెట్టుకున్నాం.

ఒకరోజు టైలరు కత్తెర కింద పెట్టి, "రేడియోలో సెప్పేది ఆరోగ్యవరం లెక్క. కొండ మింద ఎంతుండాదో ఎవురు సూసినారు?" అన్నాడు.

కొండ అంటే హార్సిలీ కొండ. మా అందరి కంటే ఎత్తు, మా అందరి కంటే చలి. పడితే ముందు అక్కడే పడుతుంది. కానీ కొలిచేదానికి గాజు, అంటే థర్మామీటరు, కావాలి కదా. నేను వెంటనే, "గాజు నేను తెస్తా" అన్నాను. నోరు అలా జారడం నాకు పుట్టుకతో వచ్చింది.

ఆ గాజు ఉన్నది కొండ కింద పల్లెలో, మా అక్క ఇంట్లో. అక్క నాకంటే పదేళ్లు పెద్దది. పెళ్లయిన ఊళ్లో ఎకరం మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచేది. అంతకుముందు రెండుసార్లు పురుగులకు రోగం వచ్చి పోయాయి. బావకు చెరుకు మీద మనసు. "ఈ తూరి గూళ్లు సరిగా రాకుంటే తోట పెరికి చెరుకు నాటతా. అప్పుడు అడ్డం రావద్దు" అని నా ముందే అన్నాడు. అక్క "సరే" అంది. ఆ తోట తప్ప తనది అని చెప్పుకోవడానికి ఆమెకు ఇంకేమీ లేదని నాకు తెలుసు. బాగా తెలుసు. అందుకే ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

పురుగుల షెడ్డులో చెక్క పలక మీద బిగించిన థర్మామీటరు ఒకటి మేకుకు వేలాడేది. పట్టుపురుగుల గుడ్లు ఇచ్చే ఆఫీసులో ఇచ్చారు. అక్క దాన్ని డిగ్రీల పలక అనేది. ఆమెకు అంకెలు రావు. అంకెలు చదివి చెప్పినవాళ్ల మాట విని, పైన కుంకుమతో ఒక గీత, కింద పసుపుతో ఒక గీత పెట్టుకుంది. పాదరసం కుంకుమ దాటితే కుంపటి బయటికి తీస్తుంది. పసుపు దగ్గరికి దిగితే ఇంకో కుంపటి నిప్పులు తెచ్చి పెడుతుంది. అంతే. డిగ్రీ చదివినవాళ్లు కూడా అంత బాగా చూడరు.

శనివారం మధ్యాహ్నం సైకిలేసుకుని పోయాను.

"ఏమిరా, దోవ తప్పినావా?" అంది అక్క, చాలా నెమ్మదిగా. షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

"నిన్ను సూడాలనిపిచ్చిందక్కా."

"నన్ను సూసేదానికి నువ్వు రావు. ఏం కావాల?"

తట్టల్లో పురుగులు మేత మానేసి, తలలెత్తి, కదలకుండా కూర్చున్నాయి. చర్మం విడిచే ముందు అవి అలాగే ఉంటాయి. దాన్ని జ్వరం అంటారు. అది నాలుగో జ్వరం, చివరిది. దాని నుంచి బాగా లేస్తే వారం పదిరోజుల్లో గూళ్లు కడతాయి. లేచేవరకూ వెచ్చదనం తగ్గకూడదు.

"నీ డిగ్రీల పలక తప్పు సూపిస్తా ఉందేమో అక్కా. టవున్లో మంచిదాని పక్కన పెట్టి సూపిచ్చుకోనొస్తా. రేపు పొద్దన్నే తెచ్చి తగిలిస్తా."

"ఈ పొద్దా? జ్వరంలో ఉండాయి కదరా."

"ఇన్నేండ్లు పొయ్యి కాడ ఉండేదానివి. నీ చెయ్యి కంటే పెద్ద గాజు ఉండాదా?"

అక్క నవ్వింది. "మాటలకేం తక్కువ లేదు నీకు" అని పలకను మేకు మీద నుంచి తీసి, పాత చీర పేలికలో చుట్టి నా చేతికిచ్చింది. "పగలగొట్టొద్దు" అంది.

సాయంత్రం చివరి బస్సుకు ముగ్గురం కొండెక్కాం. ఆ చలిలో పైన మేము తప్ప మనిషి లేడు. బంగళా కాపలావాడు "ఎండాకాలం రావాల్సినోళ్లు ఇప్పుడొచ్చినారేందప్పా!" అని వరండాలో చోటిచ్చాడు. ఒక గొంగడి, ముగ్గురు మనుషులు. మామ ఎప్పుడు ఎటు లాగాడన్నది రాయను, ఆయన పోయినవాడు.

తెల్లవారుతుండగా లేచాం. పలకను నీలగిరి చెట్టు కొమ్మకు వేలాడదీసి ఉంచాను. షాపు నుంచి తెచ్చిన పళ్లెం నీళ్లతో బండ మీద ఉంది. గాలి నిలిచిపోయింది. కాకి అరవలేదు. ఆకాశం నిజంగానే గోనెపట్టలాగా ఉంది. మామ అన్నవన్నీ ఒక్కొక్కటే జరుగుతున్నాయి. ఆయన గొంగడి అవతల పారేసి, మిలిటరీలోలాగా సావధాన్‌లో నిలబడ్డాడు. టైలరు కోటు గుండీలు పెట్టుకున్నాడు. కొండ మీద, ముగ్గురం ముఖాలు పైకెత్తి, నోళ్లు కొంచెం తెరిచి, అలా ఎంతసేపు నిలబడ్డామో.

ఏమీ దిగలేదు. వెలుతురు మాత్రం దిగింది. మామ పళ్లెంలో వేలు ముంచి తీశాడు. నీళ్లే.

"పలక సూడప్పా, పలక!" అన్నాడు టైలరు.

దగ్గరికి పోయి చూశాను. పాదరసం ఎక్కడో అడుగున ఉంది. అంత కిందికి దిగిన గాజును మేమెవరమూ చూసి ఎరగం. "రేడియోలో ఎప్పుడన్నా ఇంత సెప్పినారా!" అని అరిచాను. టైలరు రంగురంగుల చేతులతో నన్ను వాటేసుకుని గిరగిరా తిప్పాడు. రెండు చుట్లు తిరిగాం. మూడో చుట్టులో నా కళ్లు మళ్లీ పలక మీద పడ్డాయి.

పాదరసానికి నాలుగు వేళ్ల పైన పసుపు గీత ఉంది. అక్క వేలితో పెట్టిన గీత.

నా కాళ్లు ఆగిపోయాయి. నమ్మండి, నెలరోజుల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఇంకా తగ్గాలి, ఇంకా తగ్గాలి అని రేకులెక్కి నేను కోరుకుంటున్న చలీ, కింద అక్క కుంపట్లతో తరుముతున్న చలీ ఒకటే. నాకు వేరే చలి, ఆమెకు వేరే చలి ఉన్నట్టు తిరిగాను. చాలనట్టు, అది ఎంత దగ్గరికి వచ్చిందో ఆమెకు చెప్పే ఒక్క వస్తువును కూడా ఎత్తుకొచ్చాను. మనిషి బుర్ర ఇంత ఖాళీగా ఉండొచ్చా? ఉండొచ్చు. నాది చూశాను.

"ఏమైందిరా, దెయ్యాన్ని సూసినావా?" అన్నాడు మామ.

"మా అక్క" అన్నాను. మొదటి బస్సు వచ్చేసరికి తొమ్మిదవుతుంది. పలకను కడుపుకు కట్టుకుని కాలిదారిన కిందికి పరుగెత్తాను. ఎన్నిసార్లు పడ్డానో తెలియదు, వెనక్కే పడ్డాను, ముందుకు పడితే గాజు పగులుతుందని.

షెడ్డు తలుపు తోసి లోపలికి పోయాను.

తట్టల మధ్య స్టూలు మీద బావ కూర్చున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, బనియన్ లేదు. రెండు చేతులూ పక్కకు చాపి ఉన్నాడు. అక్క లాంతరు పట్టుకుని ఆయన మోచెయ్యి మీదికి వంగి, కళ్లు చిట్లించి చూస్తోంది.

"లేసినాయా?" అంది.

"లేస్తా ఉండాయి మే. ఈ పక్క సూడు, వెంట్రుకలన్నీ నిలబడినాయి."

అక్క ఒక్క అంగలో బయటికిపోయి నిప్పుల కుంపటి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

బావ నన్ను చూశాడు. "వచ్చినావా సామీ! నీ దోస్తుల మాట ఊరంతా తెలుసులే. కొండ మింద పడిందా నీ బరఫ్? ఈడ నా మింద పడింది సూడు, రేత్రి నుంచి!"

తర్వాత ఆయన చెప్తే తెలిసింది. చీకటి పడ్డాక అక్క తన చేత్తోనే చూసుకోబోయింది. నేను అంత పొగిడిన చెయ్యి. కానీ నిప్పులు ఎత్తి ఎత్తి ఆ చేతికి వెచ్చదనమే తప్ప చలి తెలియడం మానేసి ఎన్నాళ్లో అయింది. ముఖం పెట్టి చూద్దామంటే, నిలబడితే కుంపటి వేడి, కిందికి వంగితే చలి. అందుకని పడుకున్న బావను లేపి, చొక్కా విప్పించి, తట్టల మధ్య కూర్చోబెట్టింది. వెంట్రుకలు లేస్తే చలి, చెమట పడితే వేడి. చెరుకు నాటుతానన్న మనిషి, కిమ్మనకుండా, రాత్రంతా డిగ్రీల పలక అయి కూర్చున్నాడు.

తలుపు పక్క నాలుగు తట్టలు మాత్రం లేవలేదు. ఆయన చేతులు అంతదూరం అందలేదు. తలలెత్తి కూర్చున్న పురుగులు కూర్చున్నట్టే ఉన్నాయి. అక్క వాటిని ఒక్కొక్కటిగా ఎత్తుకుపోయి దిబ్బలో పోసి వచ్చింది. నేను సాయం పట్టబోతే తట్టను పక్కకు తిప్పుకుంది.

పలకను మేకుకు తగిలించాను. "ఇదిగో అక్కా, తెచ్చినా. ఇంక బావను లెయ్యమను" అన్నాను.

అక్క దాని వైపు చూడలేదు. "అది తప్పు సూపిస్తాదని నువ్వే గదా అంటివి" అంది.

అది అబద్ధమని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పలేకపోయాను. నోటికి తాళం లేనివాణ్ణని పేరు పడ్డవాణ్ణి, ఆ ఒక్క ముక్కకు నోరు తెరవలేకపోయాను.

"నువ్వు పోయి పండుకో" అని బావతో అంది. తర్వాత నా వైపు తిరిగి, "చొక్కా ఇప్పు" అంది.

అయిదు రోజులు, చలి తగ్గేవరకూ, ఆ స్టూలు మీద కూర్చున్నాను. తలపైన పలక దానిపాటికి అది సరిగ్గా చూపిస్తూనే ఉంది, కింద నేను చేతులు చాపుకుని. అక్క మేత వేస్తూ వచ్చి నా మోచేతుల మీద వెంట్రుకలు చూసిపోయేది. ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను వేసిన జోకులన్నీ పురుగు మల్బరీ ఆకు తిన్నంత చప్పుడు కూడా చేయకుండా పోయాయి.

మిగిలిన పురుగులు పండి, గూళ్లు కట్టాయి. మామూలు కంటే చిన్నవి, కానీ గట్టివి. బావ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసి, "పెరికేది యాడిదిలే మే. ఒళ్లు పెట్టి సాకినాంక ఎట్ల పెరుకుతాం" అన్నాడు. చెరుకు మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

చంద్రికల నుంచి, అంటే పురుగులు గూళ్లు కట్టే వెదురు చాపల నుంచి, గూళ్లు వలిచే రోజు నేనూ వెళ్లి కూర్చున్నాను. ఒక చంద్రిక ఖాళీ అయింది. అప్పుడు అక్క, చేతులు ఆపకుండానే, అడిగింది.

"ఏమిరా, ఎట్లుండాది?"

"ఏందక్కా?"

"అదే. కొండ మింద. తెల్లంగా రాలతాదంటనే. సూసినావా?"

నేను అదిరిపడ్డాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఈ ప్రశ్న వస్తుందని నా ఏడు తరగతుల చదువులో ఎవరూ చెప్పలేదు. అక్క మొదటిసారి నా ముఖంలోకి చూస్తోంది. కళ్లు పెద్దవి చేసుకుని, చెప్పు చెప్పు అన్నట్టు.

"పడలేదక్కా" అన్నాను. "పళ్లెంలో నీళ్లు నీళ్ల మాదిరే ఉన్నాయి."

"రవ్వంత గూడానా?"

"రవ్వంత గూడా లేదు."

"అంతేనా!" అంది అక్క. నాలుగు తట్టలు దిబ్బలో పోసి వచ్చిన పొద్దున కూడా ఆమె ముఖం అంతగా వాడిపోవడం నేను చూడలేదు.