వెనక నుంచి వచ్చిన నీళ్లు

స్వర్ణముఖి ఒడ్డున పుట్టినవాళ్లకు నీళ్లు వచ్చే దిక్కు ఒక్కటే తెలుసు, పడమర. ఏడాదిలో ముప్పావు వంతు అది ఏరు కాదు, ఇసక. చెలమలు తవ్వుకుని చెంబుతో నీళ్లు తోడుకుంటాం, అడ్డంగా నడిచి అవతలి ఊరికి పోతాం. కార్తీకంలో చంద్రగిరి కొండల మీద మబ్బు కూర్చుందంటే మాత్రం ఏట్లో ఉన్నవాడు ఎవడైనా తలెత్తి పడమటికి చూస్తాడు. వచ్చే నీళ్లు అటునుంచే రావాలి. ఇంకో వైపు నుంచి వస్తాయని మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మి ఉండేవాళ్లం కాదు.

మా బావ ఆ నమ్మకంతోనే పోయాడు. పోయింది కూడా ఆ ఏట్లోనే, కాకపోతే అది సముద్రంలో కలిసే చోట. మా అక్క ఆ సమయానికి ఒడ్డునే ఉంది. ఉండి కూడా ఎందుకు పిలవలేదన్నది రెండిళ్లలోనూ చాలాకాలం నలిగిన మాట. జవాబు ఆమె నాకొక్కడికే చెప్పింది.

బావ కరెంటు లైన్‌మన్. స్తంభం ఎక్కేముందు ఫ్యూజు తన చేత్తో పీకి జేబులో వేసుకుంటే తప్ప ఎవరి మాటా నమ్మేవాడు కాదు. అంత జాగ్రత్త మనిషికి గాలం పిచ్చి ఎలా పట్టిందో నాకు తెలియదు. వరద తగ్గాక చంద్రగిరి దిగువన ఏరు వంక తిరిగే చోట మడుగులు మిగిలేవి. సెలవు దొరికితే చాలు, వెదురుకర్ర భుజాన వేసుకుని అక్కడికి బయలుదేరేవాడు. నేను తిరుపతిలో మందుల షాపులో పనిచేసేవాణ్ణి. ఆదివారం సైకిలు మీద పోయి ఆయన పక్కన చేరేవాణ్ణి. నాకు చేపల కన్నా ఆయన కబుర్లు ఇష్టం. చేపలు కూడా ఇష్టమే, వండినవి.

నీళ్లు ఎర్రగా ఉంటే గాలం విప్పడమే దండగ అనేవాడు. అవి తేరి టీ రంగుకు వచ్చాక కూర్చోవాలి. మబ్బు పట్టి చినుకు పడని పూట అన్నిటికన్నా మంచిది, జెల్ల చేపలు ఎగబడతాయి. తూర్పుగాలి తిరిగిందా, ఇక చేప నోరు కట్టేసుకున్నట్టే, మూట కట్టుకుని ఇంటికి పోవచ్చు. గాలం తాడుకు కట్టిన జీలుగు బెండు నీళ్ల మీద నిలబడి ఉన్నంతసేపూ ఆయన రెప్ప వేసేవాడు కాదు. కూర్చోవడం ఎప్పుడూ పడమటి ముఖంగానే. కూర్చునే ముందు నీళ్ల అంచున ఒక వేపపుల్ల గుచ్చేవాడు. మా వైపు ఏట్లో దిగే వాళ్లందరిదీ అదే అలవాటు. పై నుంచి నీళ్లు వస్తుంటే ముందు పుల్ల తడుస్తుంది. "పుల్ల తడిసిందంటే లేసేయాలప్పా. సేప యాడికీ పోదు," అనేవాడు.

పెళ్లయిన కొత్తలో అక్క ఒకసారి ఏటికి సద్ది తెచ్చింది. మేమిద్దరం అటు తిరిగి ఉన్నాం. ఆమె మా వెనక ఇసకలో చప్పుడు లేకుండా వచ్చి "ఇదో!" అని పిలిచింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవని కాలం అది, ఆమె బావను పిలవడమంతా ఆ ఒక్క మాటతోనే. బావ ఉలిక్కిపడి కర్ర లాగాడు. గాలం ఎగిరొచ్చి బొటనవేలి కింద కండలో దిగబడింది. ఆయన నవ్వాడు. ఇంటికొచ్చాక ఆయన తల్లి మాత్రం నవ్వలేదు. బయటికి పోయే మగవాణ్ణి, పనిలో ఉన్నవాణ్ణి వెనకనుంచి పిలవకూడదని మీ అమ్మ నేర్పలేదా అంది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపలేదు.

"ఇప్పుడు చెయ్యి చీలింది. ఇంగోసారి ఎనకనించి పిలిస్తే పానమే పోతాది, సూడు."

అక్కకు అప్పుడు పందొమ్మిదేళ్లు. ఆ మాట ఆమెలో ఎంత లోతుకు దిగిందో మాకెవరికీ తెలియలేదు. ఆ తర్వాత ఆమె బావతో ఏం చెప్పాలన్నా ఆయన ముందుకు వచ్చి నిలబడి చెప్పేది. గుమ్మం దాటాక గొడుగు మర్చిపోయాడని తెలిసినా, పెరటి దారిన పరిగెత్తి వీధి మలుపులో ఎదురయ్యేది. మేము దాన్ని ముద్దుగా చూసి ఆటపట్టించేవాళ్లం.

డెబ్బైల చివర్లో బావకు సూళ్లూరుపేట బదిలీ అయ్యింది. చెన్నపట్నం రైళ్లు, రాకెట్ల పనికి పోయే బస్సులు, చుట్టూ ఉప్పు వాసన. అక్కకు ఆ ఊరు నచ్చలేదు. బావకు మాత్రం ఒక సంగతి తెలిసి ప్రాణం లేచొచ్చింది. నాయుడుపేట వైపు పోయి ఇంకో బస్సు మారితే, స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అక్కడివాళ్లు దాన్ని మొగ అంటారు.

"మన ఏరే గదప్పా," అన్నాడు నాతో, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు.

ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. ఒడ్డు వెంట సవక తోపు, అంటే సరుగుడు చెట్లు. ఎదురుగా అంత వెడల్పున నీళ్లు. మా చెలమల ఏరేనా ఇది అని నాకు నమ్మబుద్ధి కాలేదు. వంగి దోసిట పట్టి నోట్లో పోసుకున్నాను. ఉప్పూ కాదు, తీపీ కాదు, నాలుకకు ఎటూ తోచని రుచి. మధ్యలో తాబేలు వీపంత నున్నగా ఒక ఇసకదిబ్బ. దిబ్బకూ ఒడ్డుకూ నడుమ చీలమండల లోతు పాయ. పంచె తడవకుండా దాటిపోయాం.

పాలెం జాలర్లు మాతో బాగా మాట్లాడారు. సముద్రం నీళ్లు లోపలికి ఎక్కడాన్ని పోటు అంటారు, తిరిగి దిగడాన్ని పాటు అంటారు. పున్నమికీ అమావాస్యకూ పోటు పెద్దది. పోటు మొదలైన తొలి గడియల్లో పండుగప్ప చేప లోపలికి వస్తుంది, బతికున్న రొయ్యను ఎర వేస్తే వదలదు. పోటు ముదిరాక దిబ్బ మీద ఉండొద్దని కూడా చెప్పారు. బావ అన్నీ శ్రద్ధగా విన్నాడు, తలూపాడు. తర్వాత పడమటి ముఖంగా కూర్చుని, ఎదురుగా నీళ్ల అంచున వేపపుల్ల గుచ్చాడు. నాకూ అదే సరైన చోటనిపించింది. సముద్రం మా వీపు వెనక ఉంది.

ఆ రోజు ఏమీ కాలేదు. పండుగప్ప ఒకటి పడింది కూడా. బస్సులో దాన్ని చంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు వాసన అని గొణిగితే, మా ఏటి చేప వాసన రాదని వాదించాడు.

పోయింది మరుసటి ఫాల్గుణ పున్నమికి. అక్క కూడా వెంట వెళ్లింది. మందుల షాపుకు ఫోను వచ్చింది. ఎవరో కొత్త గొంతు, వెంటనే రమ్మన్నారు. నేను పోయేసరికి జాలర్లు ఆయన్ను తెచ్చి సవకల కింద పడుకోబెట్టారు. వాళ్లలో ఒకాయన తాను తెప్ప మీద దూరంనుంచి చూసింది చెప్పాడు. బావ చాలాసేపు పడమటికే చూస్తూ కూర్చున్నాడట. లేచి వెనక్కు తిరిగేసరికి పాయ నిండిపోయింది. వచ్చిన దారినే దాటబోయాడట. కాళ్ల కింద ఇసక జారిపోయింది. మా ఏట్లో నడవడం వస్తే చాలు, ఆయనకు ఈత రాదు.

పదకొండో రోజున బావ తల్లి నలుగురిలో అడిగింది. "ఒడ్డునే ఉన్న్యావు గదా. ఒక కేక ఎయ్యను నోరు లేకపోయనా?"

అక్క తలెత్తలేదు. ఆ ముసలామెకు తాను వెనకటికి అన్న మాట గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తుంటే అలా అడిగేది కాదనే అనుకుంటాను. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నాయన నా చెయ్యి పట్టుకోకపోతే ఆ రోజు అనరాని మాటలు అనేవాణ్ణి. బంధువులు తలా ఒకటి అన్నారు. నిద్రపోయి ఉంటుందన్నారు ఒకరు. భార్యాభర్తల మధ్య ఏముందో మనకేం తెలుసన్నారు ఇంకొకరు. అక్క మా ఇంటికి వచ్చేసింది. అన్నం పెడితే కెలికి లేచిపోయేది. రాత్రిళ్లు ఆమె గదిలోంచి ఏడుపు వినిపిస్తే కాస్త ఊరటగా ఉండేది, అదీ వినిపించేది కాదు.

వానాకాలం దాటాక ఒక సాయంత్రం చామంతులు కడుతూ, అడక్కుండానే చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం ఎండకు ఆమె ఒడ్డున సవక నీడలో కూర్చుంది. బావ వీపు కనిపిస్తోంది. పొద్దు వాలుతుండగా పాయలో నీళ్లు మెరిశాయి. మొదట పలచగా, తడిగుడ్డ పరిచినట్టు. ఆయనకు తెలియదా నీళ్ల సంగతి అనుకుంది. కాసేపటికి ఒడ్డున తన చెప్పులు తడిశాయి. అప్పుడు లేచింది. పిలవడానికి నోరు తెరిచింది.

"నోట్లోకి వచ్చిందిరా మాట. ఆయప్ప ఈపు సూస్తానే ఉండా. ఎనకనించి పిలిస్తే పానం పోతాదనింది గదా ఆమె. ఆయప్పకి ఎదురుగా పోయి చెయ్యి ఊపుదామని తోపు చుట్టుకొని పరిగెత్తినా."

తోపు పొడుగునా ముళ్లకంప. దాన్ని తప్పించుకుని, పైకి పోయి, ఆయన ముఖం కనబడే చోటికి చేరింది. దిబ్బ మీద కర్ర ఒక్కటే ఉంది. పుల్ల ఇంకా పొడిగానే నిలబడి ఉంది.

పూలు కట్టే అక్క చేతులు ఆగలేదు. కడుతూనే ఒకటి అడిగింది. "నేను పిలిచుంటే ఆయప్పకు వినపడేదా? అంత గాలి, అంత అలల మోత. వినపడేది కాదేమో గదా?" ఆ ప్రశ్న వల్లే ఆమె ఇన్నాళ్లూ అన్నం తినలేకపోతోందని అప్పుడు అర్థమైంది. వినపడేది కాదని తేలితే ఆమె బతుకుతుంది. వినపడేదని తేలితే ఏమవుతుందో నాకు ఊహించడానికే భయమేసింది.

సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది. తిథి చంద్రుడిది, పోటూ చంద్రుడిదే. ఏడాది తిరిగి అదే తిథికి పోటూ అదే వేళకు వస్తుందన్న ఆ లెక్క నాకన్నా ముందు అక్కకే తట్టింది. కర్మ అయిపోయాక, మొగకు పోదాం రా అంది. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. బావ గాలంకర్ర కూడా తెచ్చింది.

మొగ ఏటా జరుగుతుంది. బావ కూర్చున్న దిబ్బ అక్కడ లేదు. అలాంటిదే ఇంకోటి కాస్త దక్షిణంగా లేచింది. అక్క ఒడ్డున అటూ ఇటూ తిరిగి, దూరం కళ్లతో కొలిచి, ఒక సవకచెట్టు కింద నిలబడింది. నన్ను పోయి ఆయనలా కూర్చోమంది. తాను పిలుస్తానంది.

"వినపడితే తిరుగు. లేకపోతే వొద్దు."

పోటు ఎప్పుడు ముదురుతుందో నేను ముందే జాలర్లను అడిగి ఉంచాను. తెప్పతో ఒకణ్ణి దగ్గరలో ఉండమన్నాను. పాయ దాటి, పడమటి ముఖంగా కూర్చుని, ఎర లేని గాలం విసిరాను. బెండు నిలబడింది. గాలి సముద్రం మీదనుంచి వీస్తోంది. నా వీపుకు, చెవుల వెనకకు తగులుతోంది. గాలాలతో తిరిగినవాడికి గాలి సంగతి తెలియకుండా ఉండదు. కూర్చున్న క్షణానే తెలిసిపోయింది. అక్క నిలబడింది గాలికి ఎగువన. మోత ఎంతైనా ఉండనీ, ఆ గాలి మాటను మోసుకొచ్చి నా ఒళ్లో వేస్తుంది. ఆ రోజూ ఇదే గాలి, ఇదే వేళ.

"ఇదో!"

పక్కన కూర్చుని పిలిచినట్టు వినిపించింది. ఏడాదిగా గొంతులో దాచుకున్న పిలుపు అది. నాకోసం కాదని తెలిసినా మెడ దానంతట అదే కదలబోయింది. పళ్లు బిగించి బెండునే చూశాను. మళ్లీ పిలిచింది. మడమల కింద చల్లగా తడి తగిలింది, వెనక పాయలో నీళ్లు ఎక్కడున్నాయో చూడాలని ప్రాణం కొట్టుకుంది. తిరిగితే ఆమెకు జవాబు తెలిసిపోతుంది. మూడోసారి ఆ గొంతు విరిగింది. నేను కదలలేదు. పిలిచి ఉంటే బావ ఇంత సులువుగా బతికి వచ్చేవాడు గదా అని అక్కడ కూర్చునే ఏడ్చాను, భుజాలు కదలకుండా.

తెప్పవాడు వచ్చి ఎక్కించుకున్నాడు. ఒడ్డున అక్క నా ముఖంలోకి చూసింది. పిలవనే లేదేమిటి, నేను ఎదురుచూస్తూనే ఉన్నానన్నాను.

"మూడుసార్లు పిలిచినా."

"మోతక్కా. ఏమీ వినపళ్లేదు."

ఆమె చాలాసేపు నన్నే చూసింది. నా కళ్లు ఎర్రగా ఉండి ఉంటాయి, ఉప్పునీళ్లు చిందాయన్నాను. సరేలే అని కర్ర అందుకుని బస్సు దారి పట్టింది. ఆ రాత్రి ఇంటికి చేరాక కడుపునిండా అన్నం తింది, ఏడాది తర్వాత. అమ్మ ఆశ్చర్యపోయింది. ఆ ముద్దల కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడతాననుకున్నాను.

కానీ ఆ దారిలో జరిగింది నేను అమ్మకు చెప్పలేదు. అక్క ముందు నడుస్తోంది, నేను వెనక. అప్పుడు కూడా గాలి నా వెనకనుంచే, ఆమె వైపే వీస్తోంది. ఆమె చెంగు ముందుకు ఎగురుతోంది. చెప్పులో గుచ్చుకున్న ముల్లు తీసుకోవడానికి ఆగి, "అక్కా," అన్నాను, మామూలు గొంతుతోనే. ఆమె అడుగు ఒక్క క్షణం ఆగింది. తర్వాత, దిబ్బ మీద నేను తిరగనట్టే, వెనక్కు తిరక్కుండా ముందుకు నడిచింది.