రాజమ్మక్క ఆపిన బండి

ఆ రోజు వాకిట్లో పిల్లల చెప్పులు లేవు. ఏదో ప్రమాదం జరగబోతోందని ఆ క్షణంలోనే నాకు తెలిసింది. తుఫాను తీరం దాటబోతోందని మధ్యాహ్నం నుంచీ టీవీలో చెబుతూనే ఉన్నారు. మా ఆయనకూ స్నేహితులకూ తుఫాను వస్తే పండగే. బళ్లమీద గాలికి ఎదురెళ్లి అలల్ని వీడియో తీసుకొస్తారు. ఆసారి నాకు చెప్పకుండా పిల్లల్ని కూడా ఎక్కించుకెళ్లారు. ఇప్పుడు, ఈ రాత్రి, మేముండే లాస్‌పేటలో మళ్లీ అలాంటి గాలే వీస్తోంది. పిల్లలు పక్కన నిద్రపోతున్నారు. నాకు నిద్రపట్టక, అప్పట్లో మా కింది వాటాలో ఉన్న రాజమ్మక్క గురించి రాస్తున్నాను. ఆమె ట్రాఫిక్ హెడ్ కానిస్టేబుల్. తర్వాత యానాం బదిలీ అయింది.

ఆ సాయంత్రం వాళ్లకోసం ఆటో ఎక్కితే, ఆటోవాడు సగం దారిలోనే ఆపేశాడు. తడుస్తూ పరుగెత్తాను. సముద్రం వైపు వెళ్లే వీధి చివర ఇనుప అడ్డు పెట్టి, ఇక్కడి పోలీసులు పెట్టుకునే ఎర్రటోపీ మీద ప్లాస్టిక్ కవరు తొడుక్కుని నిలబడి ఉంది అక్క. ఆమె ఎదుటే మా ఆయన బండి. ట్యాంకు మీద బాబు, వెనక పాప. అక్క మనదే కదా, వదిలేస్తుందని ఏరికోరి ఆ వీధికే వచ్చారాయన.

"అయిదు నిమిషాలక్కా. ఒకే ఇంట్లో ఉండేవాళ్లం గదా!"

"ఉంటే? గాలికి చుట్టరికం తెలుస్తాదా తంబీ?" అంటూ అక్క బండి తాళంచెవి లాగేసింది. "సావి నా దగ్గరే ఉంటాది. పిల్లోళ్లను దించు."

"మీ ఆఫీసర్‌కి చెప్తా."

"చెప్పు. పేరు ఈడ రాసుండాది, సరిగ్గా చూసి చెప్పు."

వెనక ఆగిన బళ్లవాళ్లు నవ్వారు. మా ఆయన మొహం నల్లబడింది, కానీ కదల్లేదు. గాలికి ఇనుప అడ్డు రోడ్డుమీద ఈడ్చుకుపోతుంటే అక్క దాన్ని నడుముతో ఆపి పట్టుకుంది. నేను వెళ్లి పిల్లల్ని దించుకున్నాను. పాప చేతులు చల్లగా బిగుసుకుపోయాయి.

"ఆయనకు నీమీద చాలా కోపమొచ్చిందక్కా," అన్నాను మెల్లగా.

"రానీ అమ్మణ్ణీ. తిట్టుకునేదానికైనా మనిషి బతికుండాల గదా! పో, తలలు తుడువు."

మనవాళ్లకు వద్దని చెబితే ప్రేమ తగ్గిపోతుందనే ఇంట్లో పెరిగాను నేను. సొంతవాళ్లనే ముందు ఆపే మనిషిని అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి ఆ వీధిలో ఏమీ కూలలేదు. పొద్దున టిఫిన్ దగ్గర మా ఆయన, "చూశావా, ఏమీ కాలేదు. ఊరికే పరువు తీసింది," అన్నారు. "అయితే మళ్లీ తుఫానొస్తే వెళ్దామా నాన్నా?" అన్నాడు బాబు ఆశగా. ఇడ్లీలు వడ్డిస్తూ, ఆయనకూ వినపడేలా, పిల్లలకు చెప్పాను:

"నాన్న పిలిచినా ఎక్కకండి. ముందు నా దగ్గరికి రండి. నేను వద్దంటాను."