తొట్టి పక్కకు జరిపిన రోజు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, మే నెల. నకిరేకల్ అవతల ఒక ఊళ్లో పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. గొర్రెలు, మేకలు, బర్రెలు తప్ప మరోటి ఎరగని మా దవాఖాన ముందు ఒక పొద్దున ఒంటె కూలబడింది.

దాని పేరు రాణి. పెళ్లి ఊరేగింపుల్లో దాన్ని తిప్పే సైదులుకు అదే బతుకుదెరువు, అదే ఇంటి మనిషి. తాడు తెంపుకొని గుట్టల్లోకి పోయి ఎనిమిది రోజులకు దొరికిందట. మూపురం ఒరిగిపోయింది, కళ్లు లోతుకు పోయాయి. చర్మం పట్టి లాగితే మడత అలాగే నిలబడుతోంది. ఒంట్లో నీరు ఇంకిపోయిందనడానికి అది గుర్తు, మేం డీహైడ్రేషన్ అంటాం.

నీళ్ల తొట్టి చూడగానే రాణి మెడ చాచింది. దాన్ని వెతికి పట్టుకొచ్చిన గొర్ల కాపరి ఎల్లయ్య అడ్డం వచ్చాడు.

"ఆగుండ్రి! ఎండల తిరిగిన జీవానికి ఒక్కపారే తాపొద్దు, పడిపోతది."

ఇక్కడి కాపరులందరి పద్ధతీ అదే. నేను చదివిందీ అదే: బాగా ఎండిపోయిన పశువు ఒక్కసారిగా తాగితే రక్తకణాలు ఉబ్బి పగిలిపోవచ్చు. తొట్టి పక్కకు జరిపించాను. గంటకు అర బకెట్ చొప్పున ఇమ్మని చెప్పి, సెలైన్ పెట్టాను.

సైదులు నా చేయి పట్టుకున్నాడు. "నీ కాల్మొక్త సారూ, గిది ఆవు గాదు. తాగినన్ని తాగనియ్యి. నాకు అమ్మినోళ్లు గట్లనే జెప్పిండ్రు."

"డాక్టర్ నువ్వా, నేనా?" అన్నాను.

సాయంత్రం దాకా రాణి తొట్టి వైపే చూస్తూ ఉంది. తెల్లారేసరికి ప్రాణం పోయింది.

తర్వాత పాత పాఠాలు తిరగేశాను. ఒంటె రక్తకణాలు కోలగా ఉంటాయి, ఎంత ఉబ్బినా అంత తొందరగా పగలవు. చలి ఎడారుల్లోని రెండు మూపురాల ఒంటెకైనా, మన దగ్గర తిరిగే ఒంటి మూపురం దానికైనా మూపురంలో ఉండేది కొవ్వే, నీళ్లు కావు. నీళ్లు దొరికినప్పుడు రోజుల దాహాన్ని ఒక్క తడవలో తీర్చుకుంటుంది. కడుపునిండా తాపితే రాణి బతికేదో లేదో చెప్పలేను. కానీ దాహంతో పోయేది మాత్రం కాదు.

వారం తర్వాత సైదులు ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. అతను రాణి మీద కప్పే అద్దాల బట్ట మడతపెడుతున్నాడు. తలెత్తలేదు.

"దానికైతే నోరు లేదు సారూ. నాకున్నది గదా. నేను జెప్తే ఇనకపోతివి."

ఇప్పుడు ఏ పశువు వచ్చినా, దాని మీద చెయ్యి వేయకముందే దాని మనిషిని కూర్చోబెడతాను. అతను చెప్పడం అయ్యేదాకా నోరు మెదపను.